తెలియని చోటికి ఏ రంగు?

రిటైరైన మొదటి వారంలోనే సూరత్‌లోని మా అడాజన్ హౌసింగ్ సొసైటీలో పక్క ఫ్లాటు ఆవిడ నన్ను నిలదీసింది, ఇన్నేళ్లూ యూనివర్సిటీలో మీరు చేసిన పనేమిటని. డేటా విజువలైజేషన్ లాబ్ నడిపానని చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. అంకెల్ని కంప్యూటర్లో పోసి బొమ్మలుగా తీసే చోటు అన్నాను. అయితే మీరు డ్రాయింగ్ టీచరన్నమాట అంది. వాదించే ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ మరీ తప్పేమీ అనలేదనిపించింది. నా ఉద్యోగమంతా దేనికి ఏ రంగు వేయాలన్న తగువులోనే గడిచింది.

ఇలాంటి లాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది మేడం అని అడుగుతారు. ఆ సంగతి నన్ను అడగకండి. నేను కిందామీదా పడి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ నా కళ్లముందే అటకెక్కాయి. ప్రమోషన్ల గొడవ కూడా రాయను, అది ఏ ఆఫీసులోనైనా ఒకటే. ఈ పనిలో తెలివైనవాళ్లు ఎక్కడ బోల్తా పడతారో మాత్రం చెబుతాను. ఆ చోట్లు ఏమీ మారలేదు.

గోడను బతికించడం

మా నాన్న రైల్వేలో గార్డు. రాజమండ్రి వైపు నుంచి ఉద్యోగం కోసం సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను రైల్వే క్వార్టర్లలో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, బజార్లో హిందీ. కంప్యూటర్ డిప్లొమా చేసి యూనివర్సిటీలో లాబ్ అసిస్టెంటుగా చేరాను, టెక్నికల్ ఆఫీసరుగా బయటికొచ్చాను. హోదా ఏదైనా అందరికీ నేను పద్మాబెన్‌నే, అంటే పద్మక్కనే.

చేరినప్పుడు లాబంటే ఒక గది, అందులో ఒక లావుపాటి మానిటర్. తర్వాత తర్వాత తెరలు పెరిగాయి. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చి గది ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే తెరలా బిగించారు. బ్రోషర్లో దానికి నోరు తిరగని పేరొకటి ఉండేది. మేం గోడ అనేవాళ్లం.

ఇక్కడ పనంటే కోడ్ రాయడమని కొత్తవాళ్లు అనుకుంటారు. కోడ్ పీహెచ్‌డీ స్కాలర్లు రాస్తారు. మన పని గోడను బతికించడం. ఏసీ ఆగితే అది వేడెక్కుతుంది. కిటికీ తెరిస్తే దుమ్ము, దుమ్ముతో పాటు ఈ ఊరి మగ్గాల దారం నూగు. వానాకాలంలో చెమ్మ. వీటన్నిటికంటే పెద్ద శత్రువు మనిషి వేలు. బొమ్మ చూడగానే ప్రతివాడికీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించాలనిపిస్తుంది. నేను ఊరుకునేదాన్ని కాదు. విద్యార్థులనే కాదు, ప్రొఫెసర్లను కూడా కసిరాను. వాళ్లలో ఒకాయన ఆరు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. నాకేం నష్టం లేదు, తెరలు శుభ్రంగా ఉన్నాయి.

తెరలన్నీ ఒకే కంపెనీవైనా ఏ రెండూ ఒకే రంగు చూపించవు. వాడగా వాడగా ఒకటి పచ్చబడుతుంది, ఇంకొకటి నీలానికి తిరుగుతుంది. రంగులు సరిచూసే పరికరం ఒకటి ఉండేది. ఒకసారి అది రిపేరుకు వెళ్లి ఎంతకీ తిరిగి రాలేదు. చివరికి నా పాత చీర ముక్కొకటి తెచ్చి, దాన్ని ప్రతి తెర పక్కనా పట్టుకుని, రెండూ కలిసేదాకా తెర రంగు మారుస్తూ కూర్చున్నాను. పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, అందులో కిటుకు వాళ్లకు తర్వాత తెలిసింది. గోడ మీద ఊరి పటం పెట్టినప్పుడు ఒక తెర మీద నీలం ముదురుగా, పక్క తెర మీద లేతగా ఉంటే, చూసేవాళ్లు ఊళ్లోనే తేడా ఉందనుకుంటారు. తేడా తెరల్లో ఉందని వాళ్లకెలా తెలుస్తుంది?

ఎరుపు చూసి మురిసిపోయిన సేఠ్

ఒక చీరల మిల్లు సేఠ్ కోసం మావాళ్లు ఒక పని చేశారు. ఏ మగ్గం మీద లోపాలున్న బట్ట ఎక్కువగా వస్తోందో చూపించే పటం. లోపం తక్కువైతే ఆకుపచ్చ, ఎక్కువైతే ఎరుపు. స్కాలర్లు నెలల తరబడి కష్టపడ్డారు. సేఠ్ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. గోడ మీద బొమ్మ చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఒక మూల ఎర్రగా వెలిగిపోతున్న మగ్గాలను చూపించి, ఆ షెడ్డు మేస్త్రీ నిఖార్సయిన మనిషని నేను ముందే చెప్పలేదా అని కొడుకుతో అన్నారు.

ఆయన జీవితమంతా చీరలమ్మారు. పెళ్లిళ్ల సీజన్‌లో అమ్ముడయ్యేది ఎరుపు. ఆయన దృష్టిలో ఎరుపంటే మంచి సరుకు, మంచి రోజు. మేం విషయం విప్పి చెప్పాక ఆయన నీరుగారిపోయారు. ఆయన వెళ్లాక మావాళ్లు చదువు లేని మనిషని నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఎరుపంటే ప్రమాదమని ఆయనకెవరు చెప్పారు? మనం చెప్పామా?

ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. బొమ్మ పెట్టి, వివరించకుండా, మీకేం కనబడుతోందని ముందు అడిగేదాన్ని. ఆ జవాబు వినడానికి కాస్త గుండె ధైర్యం కావాలి. స్కాలర్లకు అది నచ్చేది కాదు. మీరు మాత్రం అడగండి.

దేశాయి సార్

లాబ్‌ని కట్టింది దేశాయి సార్. సూరత్ మనిషి, మాటకారి. నేను పనిచేసిన కాలంలో సగానికి పైగా ఆయనే నా బాసు. ఆయన లేకపోతే ఆ గోడ ఉండేది కాదు, గోడ లేకపోతే నా ఉద్యోగమూ ఉండేది కాదు. అది ముందు ఒప్పుకుని మిగతాది రాస్తాను.

ఆయనకు విద్యార్థులంటే ప్రేమ. ఎవరైనా ఫెయిలైతే క్యాంటీన్‌కి తీసుకెళ్లి సూరత్ వాళ్ల శనగపిండి టిఫిన్ లోచో తినిపించి మరీ ధైర్యం చెప్పేవారు. ఆయన బలహీనత డెమో. ఊరికి ఏ పెద్దమనిషి వచ్చినా ఆయన్ను మా గోడ దగ్గరికి తీసుకొచ్చేవారు. దీపాలు ఆర్పాలి, నగరం పటం మెల్లగా తెరుచుకోవాలి, తాపీ నది మెరుస్తూ పారాలి. చూసినవాళ్లు ఆహా అనాలి. ఆ ఆహా కోసం, పరిశోధన చేసుకునే పిల్లలు గోడ ఖాళీ కోసం బయట కాచుకుని కూర్చునేవారు.

గోడ ప్రారంభోత్సవం నాడు ఒక సంఘటన జరిగింది. వానాకాలంలో నగరంలోని ఖాడీల్లో, అంటే మురుగుతో పాటు వాననీళ్లు పారే వాగుల్లో, నీళ్లు ఎంత పెరుగుతాయో చూపించే పటం పెట్టాం. నీటిమట్టం కొలిచే గేజీలు కొన్ని చోట్లే ఉన్నాయి. అవి లేని చోట పటంలో ఖాళీలు వచ్చాయి. ముఖ్య అతిథి ఆ ఖాళీల వైపు వేలు చూపించి, కొత్త తెర అప్పుడే పాడైందా అన్నారు. సభంతా నవ్వింది. దేశాయి సార్ కూడా నవ్వారు గాని, ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను.

మర్నాటి నుంచి లాబ్‌లో కొత్త నియమం వచ్చింది. గోడ మీద రంధ్రం కనబడకూడదు. డేటా లేని చోట చుట్టుపక్కల గేజీల అంకెల్ని బట్టి కంప్యూటరే ఏదో ఒక అంచనా వేసి రంగు నింపేస్తుంది. నీళ్లు లేని చోట లేత పసుపు, నీళ్లున్న చోట నీలం, లోతు పెరిగేకొద్దీ ముదురు నీలం. పటం నున్నగా, అందంగా వచ్చేది. దానికి డెమో సెట్టింగ్ అని పేరు పెట్టుకున్నాం. ఒక్క డెమో కోసం చేసింది అలవాటైపోయింది. కొత్త స్కాలర్ రాగానే పాతవాళ్లు మొదట నేర్పేది అదే. అది అబద్ధమని ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి కారణముంది. మా లాబ్ మనుషులెవరూ పటంలో ఖాళీ ఉన్న చోట కాపురం ఉండరు.

లావణ్య

లావణ్య పీహెచ్‌డీకి చేరిన కొత్తలో, నేను ఫోన్లో మా చెల్లెలితో మాట్లాడుతుంటే విని, మీరు తెలుగోళ్లా మేడం అని సంబరపడింది. వాళ్ల తాతలు తెలంగాణ నుంచి మగ్గాల పని కోసం వచ్చారు. తను పుట్టింది, పెరిగింది ఊరికి దక్షిణాన ఖాడీ పక్కనున్న ఉన్ పేటలో. వాళ్ల నాన్న పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు నడుపుతాడు. వాళ్లమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. వాళ్లది కింది గది, గల్లీకి సమానంగా ఉంటుంది. ఆ గల్లీలో పెద్ద చదువుకి వెళ్లిన మొదటి పిల్ల తనే. మొదలుపెట్టిన వాక్యం తెలుగులో, నడుమ హిందీలోకి దూకి, గుజరాతీలో తేలేది. నాకది వినడానికి హాయిగా ఉండేది.

ఆమె పరిశోధన ఖాడీ నీళ్ల మీదే. గైడు దేశాయి సార్. ఒకరోజు గోడ మీద పాత వానాకాలపు పటం పెట్టి చూస్తోంది. నేను వెనకాల వైర్లు సర్దుకుంటున్నాను. ఎంతసేపటికీ ఆమె కదలడం లేదు.

"మేడం, జర గీడికి రాండ్రి" అని పిలిచింది. "గిది మా గల్లీ. గా వానలకు మా ఇంట్ల మంచం కోళ్లు మునిగినయి. గీడ ఏమో ఎండినట్టు చూపెడుతున్నది."

చూశాను. ఉన్ అంతా లేత పసుపు. సంగతి వివరించాను. అక్కడ గేజీ లేదు. దానికి దగ్గరలో ఉన్న గేజీ ఎత్తైన రోడ్డు పక్క వంతెనకుంది. అక్కడ నీళ్లు నిలవవు. కంప్యూటర్ దాన్ని చూసి పక్కనున్న ఉన్‌లో కూడా నీళ్లు లేవనుకుని పసుపు నింపేసింది. ఇది డెమో సెట్టింగని చెప్పాను.

"గేజీ లేకుంటే లేదని చెప్పాలె గని, ఎండిందని ఎట్ల చెప్తరు మేడం?"

ఆ పిల్ల కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్నేమో. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

బూడిద రంగు

ఆ వేసవిలోనే ఒక కబురొచ్చింది. వానాకాలం ఏర్పాట్లు చూసే కమిటీ మా పటం చూడ్డానికి వస్తోంది. ఖాడీ పొంగే ముందు ఏ గల్లీలకు మైకు బండి పంపి జనాన్ని హెచ్చరించాలో, కొత్త గేజీలు ఎక్కడ పెట్టాలో వాళ్లు ఆ పటం చూసి తేల్చుకుంటారు. లేత పసుపు ఉన్న చోటికి బండి వెళ్లదు, గేజీ కూడా రాదు. ఇది అర్థం కావడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. లావణ్యకు నిద్ర పట్టడం లేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసేది.

తెలియని చోట్లను వేరుగా చూపించాలని ఆమె పట్టుబట్టింది. ముందు ఏటవాలు గీతలు గీసి చూశాం. గోడ మీద ఆ సన్న గీతలు అలల్లా కదిలినట్టు కనిపించి, చూస్తే కళ్లు తిరిగాయి. ప్రశ్న గుర్తులు పెట్టాం, చిన్నపిల్లల ఆటలా ఉంది. తెలుపు వేస్తే మళ్లీ తెర పాడైందనుకుంటారు. చివరికి సాదా బూడిద రంగు దగ్గర ఆగాం. పసుపుకీ చెందదు, నీలానికీ చెందదు. గోడ నిండా వేసి వెనక్కి జరిగి చూశాను. దక్షిణ సూరత్‌లో చాలా భాగం బూడిద కొట్టుకుపోయింది. గేజీలున్న అల్థాన్ లాంటి చోట్ల నీలాలు, పసుపులు ముద్దుగా ఉన్నాయి, కాస్త కిందికి దిగితే మబ్బు పట్టినట్టుంది. నిజం చెప్పాలంటే నాకే చూడబుద్ధి కాలేదు.

దేశాయి సార్ వచ్చి గోడను ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశారు. తర్వాత ఇది పెట్టడానికి వీల్లేదన్నారు. ఇన్నేళ్ల లాబ్ ఇంత భాగం మాకు తెలియదని కమిటీ ముందు చెప్పుకుంటుందా అన్నారు. మామూలు పటమే పెట్టి, కింద చిన్న అక్షరాల్లో కొన్ని చోట్ల అంచనా అని ఒక వరుస రాద్దామన్నారు. అందులో మోసం లేదని ఆయన నిజంగానే నమ్మారు. అందరూ అలాగే చేస్తారు కూడా.

లావణ్య ఆయన ఎదుట నోరు మెదపలేదు. గైడు సంతకం లేకుండా థీసిస్ కదలదు. ఆయన వెళ్లాక నా దగ్గర కూర్చుని అంది: "కింద రాసింది ఎవలు చదువుతరు మేడం? రంగు జూస్తరు, పోతరు. సార్ పటం నేను పెట్టి చెప్తే, మా అమ్మకు ఏం మొఖం జూపియ్యాలె?"

ఆమె తరఫున మాట్లాడాల్సింది నేనేనని అప్పుడర్థమైంది. నాకు థీసిస్ లేదు, రిటైర్మెంట్ దగ్గర పడింది, కొత్తగా పోయేదేమీ లేదు. దీన్ని ధైర్యమని అనకండి. ధైర్యం చేయాల్సిన వయసులో డెమో సెట్టింగ్‌కి నేనూ తలే ఊపాను.

సార్ గదికి వెళ్లి, నింపిన పటాన్ని కమిటీ ముందు నేను నడపనని చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూశారు. పద్మాబెన్, మీరు టెక్నికల్ ఆఫీసరు, ఏది చూపించాలో తేల్చేది మీరు కాదన్నారు. నిజమే సార్, తేల్చేది మీరే, నడపను అనే హక్కు మాత్రం నాకుంది, కావాలంటే మీకు నడపడం నేర్పిస్తాను, ఒక పూట పని అన్నాను. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఆ గోడను స్వయంగా ఆన్ చేయలేదు. ఆయనకు మీట ఎక్కడుందో కూడా తెలియదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తర్వాత కొన్ని రోజులు ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. నా పక్కనే నిలబడి, పద్మాబెన్‌ని ఏసీ తగ్గించమను అని లావణ్యతో చెప్పేవారు. నేను తగ్గించానని సార్‌కి చెప్పు అని నేను ఆమెతోనే చెప్పేదాన్ని. పాపం ఆ పిల్ల నడుమ నలిగిపోయింది. కమిటీ రావడానికి ముందురోజు సాయంత్రం ఆయన వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, సరే, మీ బూడిదే పెట్టండి అన్నారు. అడిగే ప్రశ్నలకు జవాబులు మాత్రం మీరే చెప్పుకోండి అని కూడా అన్నారు.

కమిటీ వచ్చిన రోజు

అయిదారుగురు వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఒక ఇంజనీరు, తల పూర్తిగా నెరిసిన మనిషి. మా లాబ్‌కి ఆయన అంతకుముందొకసారి డెమోకి వచ్చారు. లావణ్య పటం పెట్టించి, నా అలవాటు ప్రకారం, మీకేం కనబడుతోంది సార్ అని గుజరాతీలో అడిగింది.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. ఈ బూడిద ఏమిటన్నారు. అక్కడ నీళ్లు ఎంత వస్తాయో మాకు తెలియదు, గేజీలు లేవు అని చెప్పింది. ఆయన తలూపారు. ఇంతటితో గండం గడిచిందనుకున్నాను.

అప్పుడాయన ఇంకో మాట అడిగారు. నేను క్రితం సారి వచ్చినప్పుడు ఇదే చోట బూడిద లేదు, అంతా పసుపే చూపించారు, మరి అప్పుడు అక్కడ నీళ్లు రాలేదా?

లావణ్య దేశాయి సార్ వైపు చూసింది. నిజం చెబితే గైడును నలుగురిలో తలదించుకునేలా చేసినట్టు, చెప్పకపోతే తను అక్కడ నిలబడిందే దండగ. నేను కుర్చీలోంచి లేవబోయాను.

నాకంటే ముందు దేశాయి సార్ లేచారు. ప్రారంభోత్సవం నాటి లాగే చెవులు ఎర్రబడ్డాయి. గుజరాతీలో మెల్లగా అన్నారు: "అప్పుడూ మాకు తెలియదు. తెలిసినట్టు చూపించాం. అలా చూపించమన్నది నేను. ఈ అమ్మాయి ఇప్పుడు చూపిస్తున్నదే సరైంది."

నేను ఆయన కింద పనిచేసినన్నాళ్లూ ఆయన చాలా గొప్ప ఉపన్యాసాలిచ్చారు. నాకు గుర్తుండిపోయింది ఈ ఒక్కటే. ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఆ క్షణంలో ఎటు పోయాయో తెలియదు.

పెద్దాయన మెచ్చుకోనూ లేదు, తప్పుపట్టనూ లేదు. ఒకే ఒక్క గేజీ ఇస్తే ఎక్కడ పెడతావమ్మా అని లావణ్యను అడిగారు. ఆమె గోడ దగ్గరికి నడిచి, వాళ్ల గల్లీ పక్కన ఖాడీ మలుపు తిరిగే చోట వేలు ఆనించింది. తెర మీద వేలిముద్ర పడింది. నా జీవితంలో మొదటిసారి నేను ఏమీ అనలేదు.

కొత్తవాళ్లకు

కాబట్టి మీకు చెప్పేది ఇది. మీ చేతిలో ఉన్న పనిముట్లకు నింపడం తప్ప ఖాళీ ఉంచడం రాదు. ఏమీ చెప్పకపోతే అవి నింపేస్తాయి, అదీ చాలా అందంగా నింపుతాయి. చూసేవాళ్లకు సున్నాకీ, తెలియదన్నదానికీ తేడా మీరు చూపిస్తేనే కనిపిస్తుంది. ఆ తేడా చూపించినందుకు మీ పటం అందవిహీనంగా ఉందంటారు, లాబ్ చేతకానిదంటారు. ఆ రోజు తర్వాత మాకు డెమోలు బాగా తగ్గాయి. దేశాయి సార్ కొన్నాళ్లు దిగులు పడ్డారు. గోడ ఖాళీ దొరికి పిల్లలు మాత్రం సుఖంగా పని చేసుకున్నారు.

బాసుల గురించి ఒక్క మాట. తప్పు చేయని బాసు కోసం వెతక్కండి, దొరకరు. తప్పు తనదని నలుగురిలో అనగలిగిన మనిషి దొరికితే అక్కడే ఉండండి.

ఆ వానాకాలం

వానలు మొదలయ్యే ముందే ఖాడీ మలుపులో గేజీ వచ్చింది. నేను ఊహించలేదు. ఉన్‌లోని కొన్ని గల్లీలను మైకు బండి తిరిగే చోట్లలో చేర్చారని కూడా విన్నాం. గోడ మీద అంత బూడిదలోనూ ఒక చిన్న ముక్క లేత పసుపుకు తిరిగింది. ఈసారి అది నిజమైన పసుపు.

ఒక ఉదయం తెరిపి లేని వాన. క్లాసులు లేవు. లావణ్య చీకటితోనే బయల్దేరి లాబ్‌కి వచ్చేసింది. దేశాయి సార్ తడుస్తూ వచ్చారు. ముగ్గురం గోడ ముందు కూర్చున్నాం. ఉన్ దగ్గరి ముక్క లేత నీలమైంది. చూస్తుండగానే నీలం ముదిరింది. మధ్యాహ్నానికి గోడ మొత్తం మీద అంత ముదురు రంగు ఇంకెక్కడా లేదు.

మేం చెప్పిందే నిజమైందన్న సంతోషం ఎవరికీ కలగలేదు. అంత నీటికి ఇన్నేళ్లూ మేం పసుపు పూస్తూ వచ్చాం.

లావణ్య ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. వాళ్ల నాన్న ఫోన్ ఆఫ్‌లో ఉంది. ఇంటికి పోతానని లేచింది. దారులన్నీ మునిగాయి, ఎలా వెళ్తావని నేను చెయ్యి పట్టుకున్నాను. ఇడువుండ్రి మేడం అని గింజుకుంది. దేశాయి సార్ తలుపుకి అడ్డంగా నిలబడి, తనకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు కలుపుతున్నారు. ఆ కాసేపు మాకు గోడ వైపు చూసే ధైర్యం లేదు.

చివరికి ఎవరిదో తెలియని నంబర్ నుంచి లావణ్యకే ఫోన్ వచ్చింది. కంగారులో స్పీకర్ నొక్కింది. వాళ్లమ్మ గొంతు గదంతా వినిపించింది.

"బిడ్డా, మేం మంచిగనే ఉన్నం. మైకు బండి పొద్దుగాలనే వచ్చింది. నేను, మీ నాయిన సామాన్ దీస్కొని పైనింటోళ్ల కాడికి ఎక్కినం. చీరల మూట గూడ మీదికి దెచ్చిన, ఒక్క రాయి తడువలే. కింద మనింట్ల నడుము దాక నీళ్లున్నయి."

లావణ్య ఏడుస్తోంది. వాళ్లమ్మకు అది వినబడిందేమో, ఆగి మళ్లీ అంది. "ఏడ్వకు బిడ్డా. మైకుల మన గల్లీ పేరు వెట్టి పిలిసిండ్రు. ఇన్నేండ్లల్ల ఎన్నడన్న పిలిసిండ్రా?"

దేశాయి సార్‌కి తెలుగు రాదు. ఆవిడేమంటోందని నన్ను అడిగారు. నేను చెప్పబోయేంతలో లావణ్యే కళ్లు తుడుచుకుని ఆయనకు గుజరాతీలో చెప్పింది.